గినీకోడి సంబంధం

అక్రా
శ్రీమతి లామిసి అకొల్గో గారికి,

పోయిన నెల మీ ఇంటికి వచ్చిన విశ్వవిద్యాలయం డాక్టరును. మనిషి అడవి జంతువుల్ని మచ్చిక చేసుకున్నట్టే, వేల ఏళ్లలో తనను తాను కూడా మచ్చిక చేసుకున్నాడని కొందరి వాదన. ఆటిజం ఉన్నవాళ్లకు ఆ మచ్చిక కాస్త తక్కువ అబ్బిందేమోనని నా పరిశోధన. అందుకని మీ తమ్ముడి కూతురు అయంపోక గురించి, ఆ రోజు అడగ్గా మిగిలిన కొన్ని ప్రశ్నలు.

కొత్తవాళ్లతో వెళుతుందా? ఎవరైనా ముట్టుకుంటే ఊరుకుంటుందా? కోపం ఎప్పుడు వస్తుంది? దవడ, పళ్లు పెద్దవా? పక్కనుంచి తీసిన ఫోటో దొరుకుతుందా?

శ్రమ ఇస్తున్నందుకు లారీ డ్రైవర్ అయూబా చేత ఒక గినీకోడి, నమలడానికి కోలా కాయలు, పొగాకు పంపుతున్నాను.

ఇట్లు,
డాక్టర్ ఎబో క్వాన్సా

తా.క. మన దేశపు ఉత్తరాదికి వట్టి చేతులతో పోకూడదని మా ఆఫీసులో ఎవరో చెప్పారు. ఏం పంపాలో కూడా ఆయనే చెప్పారు.


బోల్గాటంగా దగ్గర
డాక్టర్ బాబుకు,

మీరూ మీవాళ్లూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మనుషులు, గొడ్లు, సజ్జ చేలు అన్నీ బాగున్నాయి.

కోడీ కోలా పొగాకూ కలిసి గడపలోకి వచ్చాయంటే వాటి అర్థం మాకు విడమరిచి చెప్పనక్కర్లేదు. మచ్చిక గురించి మీరు రాసినదాన్ని నేను పట్టించుకోలేదు. పిల్లనడగడానికి వచ్చినవాళ్లు నేరుగా విషయానికి రారు. నా పెళ్లికి మా మామగారు ఒక పూటంతా గాడిద జబ్బుల గురించి మాట్లాడారు.

అయంపోక కొత్తవాళ్లతో వెళ్లదు. అంతకంటే మంచి గుణం ఏం కావాలి? ముట్టుకుంటే పక్కకు జరుగుతుంది. కోళ్లకు నీళ్లు పెట్టే సొరబుర్ర ఎవరైనా కదిపితే కోపం వస్తుంది. పళ్లు భేషైనవి, ఎముక నమిలేస్తుంది. ఆటిజం మాట ఆసుపత్రిలో చెప్పారు, మేమేమీ దాచలేదు. ఆ మాట మీరే ముందు ఎత్తడం నాకు నచ్చింది. ఇన్నేళ్లలో మా పిల్ల గురించి ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్లు లేరు నాయనా. మీ ఉత్తరం చదువుతూ ఏడ్చాను.

ఆదివారం కోడిని కోసి ఇంటిల్లిపాదీ తిన్నాం.

మీ మేలు కోరే,
లామిసి అత్త

తా.క. మరి మీ పళ్లెలా ఉన్నాయి?
ఇంకో తా.క. ఈ పిల్లకు సంబంధం రాదన్న పక్కింటివాళ్లకు ముక్క పంపాను. మెడ ముక్క.


అక్రా
లామిసి అత్తగారికి,

మీ జవాబులు అమోఘం. పళ్ల గురించి ఇంత స్పష్టంగా ఇంతవరకు ఎవరూ రాయలేదు. మీరు మమ్మల్ని తిరిగి ప్రశ్నించడం కూడా మంచి పద్ధతే. నాకు రెండు దంతాలు తీసేశారు, మా నాన్నకు అన్నీ ఉన్నాయి.

ఇక ముఖ్య విషయం. అయంపోకను ఒక వారం అక్రా పంపగలరా? దగ్గరుండి గమనించాలి. వసతి మాదే. ఇంటిపెద్ద సమ్మతి మాత్రం తప్పనిసరి.

ఇట్లు,
ఎబో క్వాన్సా

తా.క. కోడి రుచిగా ఉన్నందుకు సంతోషం.


బోల్గాటంగా దగ్గర
అల్లుడు గారికి,

అందరూ క్షేమమే కదా. మీ నాన్నగారి పళ్ల కబురు ఇక్కడ అందరికీ ఊరట ఇచ్చింది.

పిల్లను వారం రోజులు ఉంచుకుని చూస్తామనడం మీ సముద్రం వైపు ఆచారమేమో. మా దగ్గర ముందు ఆవులు గడప దాటి లోపలికి వస్తాయి, తరవాతే పిల్ల గడప దాటి బయటికి పోతుంది. ఇంటిపెద్ద, మా అన్న అబుగ్రె, మీ ఉత్తరం విని, "చదువుకున్నోడు గదా, తొందరెక్కువ. మనమే పోయి మాట్లాడదాం పద" అన్నాడు. శుక్రవారం లారీలో బయలుదేరుతున్నాం. డప్పు కూడా తెస్తున్నాం. మీ విశ్వవిద్యాలయం గేటు దగ్గర ఎవరినైనా నిలబెట్టండి.

దీవెనలతో,
మీ అత్త లామిసి

తా.క. సంగతి అయంపోకకు చెప్పాను. లేచి కోళ్ల దగ్గరకు వెళ్లిపోయింది. సిగ్గనుకుంటాను.


అక్రా
అమ్మా,

దయచేసి లారీ ఎక్కకండి.

నేను పంపింది కృతజ్ఞత మాత్రమే. నాకు పెళ్లి కుదిరింది. అమ్మాయి పేరు అరబా. మీ ఉత్తరం నాకంటే ముందు ఆమె చదివింది. "అల్లుడు గారికి" అన్న చోటే ఆగి, ఇంకా అక్కడే ఉంది.

నేను అడిగినవన్నీ శాస్త్రం కోసమే. మచ్చికైన జంతువులకు దవడ చిన్నదవుతుంది, బెదురు తగ్గుతుంది, కొత్తవాళ్ల దగ్గరకు వస్తాయి. మనుషుల్లోనూ అలాంటిదేదో జరిగిందా అని మాత్రమే చూస్తున్నాను.

క్షమించమని వేడుకుంటూ,
ఎబో

తా.క. తిన్న కోడిని తినలేదని ఒప్పుకునే దారి ఏమైనా ఉందా అని అరబా అడగమంది.


బోల్గాటంగా దగ్గర
అయ్యా,

క్షేమ సమాచారాలు ఈసారి అడగను.

మీ దారి మా ఆచారంలో లేదు. పంపిన కోడిని కోసి తిన్నామంటే ఒప్పుకున్నామనే. వద్దనుకుంటే ప్రాణంతో తిప్పి పంపాలి. మీ కోడి మా పదిమంది కడుపుల్లో ఉంది. ఎవరిని పంపమంటారు?

మా పిల్లకు మచ్చిక తక్కువా? మీరు మా ఇంటికి వచ్చి, వచ్చినవాళ్లకు మేమిచ్చే పిండినీళ్లు తాగకుండా, ఎవరినీ పలకరించకుండా సంచీ విప్పి ప్రశ్నలు మొదలుపెట్టారు. అప్పుడు మిమ్మల్ని ఎవరూ కొలవలేదే.

నా బాధ ఇది. నాకు వయసైపోతోంది. నా తరవాత ఆ పిల్లను ఎవరు పట్టించుకుంటారన్నది నా దిగులు. మీ ఉత్తరంతో ఆ దిగులు తీరిందనుకున్నాను. ఇప్పుడు తిరిగి వచ్చి కూర్చుంది.

లామిసి అకొల్గో, రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్

తా.క. అబుగ్రె అన్న వెనక్కి తగ్గడు. ఇప్పటికే కొత్త టోపీ కొన్నాడు.


బోల్గాటంగా దగ్గర
డాక్టర్ ఎబో క్వాన్సాకు,

నేను అయంపోకను. అత్త సంతకు వెళ్లింది. అయూబా దగ్గర ఉత్తరాలు తీసుకునేదీ, అతనికి ఇచ్చేదీ నేనే కాబట్టి అన్నీ చదివాను.

నాకు పెళ్లి వద్దు. అక్రా వద్దు. అరబాకు చెప్పండి.

మీ కోడిని ఎవరూ తినలేదు. అది గుడ్లకొచ్చిన పెట్ట. గుడ్లకొచ్చిన పెట్టను కోయకూడదు. అందుకని ఆదివారం పొద్దున దాన్ని నా మందలో వదిలి, కాలు కుంటుతున్న మా కోడినొకదాన్ని ఇచ్చాను. వీళ్లందరికీ గినీకోళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఇప్పుడు మీ కోడిని ప్రాణంతో అయూబా లారీలో పంపుతున్నాను. కాబట్టి మేం ఒప్పుకోలేదు. ఈ మాట అబుగ్రె పెదనాన్నకు చెప్పాను. ఆయన టోపీ తిప్పి చూసుకుని, "టోపీ కొన్నా గదా, పోయి సముద్రం చూసొస్తాం" అన్నాడు. ఆయనకు చేపంటే ఇష్టం.

బుట్ట మూత తీసి దూరంగా నిలబడండి. పిలిస్తే రాదు. అది కోపం కాదు. గింజలు చల్లి లోపలికి వెళ్లిపోండి, అదే వస్తుంది. అది మచ్చికైందో లేదో నాకు తెలియదు. ఇన్ని రోజులూ మా ఇంటిదై ఉందని తెలుసు.

అత్త ఏడవడం నాకు నచ్చలేదు. నేనెవరికీ అక్కర్లేదని అత్త భయపడుతోంది. నాకు కోళ్లున్నాయి, ఇల్లుంది, అత్త ఉంది. ముసలిదైతే అత్తను నేనే చూసుకుంటాను. ఆమె సంతనుంచి రాగానే చెబుతాను.

అయంపోక

తా.క. పెట్టిన గుడ్లు మావి. మా చేలో పెట్టింది.
ఇంకో తా.క. కోపం గురించి అత్త తప్పు రాసింది. బుర్ర కదిపితే మళ్లీ సర్దుకుంటాను. నేను ఎదురుగా కూర్చుని ఉండగా నా సంగతులు వేరేవాళ్లను అడిగితే కోపం వస్తుంది.