తలకు యాభై ఎకరాలు

8 జనవరి 1989, ఆదివారం

ఓపెన్ యూనివర్సిటీ క్లాసు. బీఏ సెకండియర్, చరిత్ర. అనసూర్య మేడం ఈరోజు అమెరికాలో ఇంగ్లీషు వాళ్ళ వలస రాజ్యాలు మొదలుపెట్టింది. మొదటిది వర్జీనియా. 1607లో లండన్ నుంచి ఒక కంపెనీ నూరు మందిని ఓడెక్కించి పంపింది. వాళ్ళు బంగారం వెతుక్కుంటూ తిరిగారట. పంట వేయడం చేతకాక చాలామంది ఆకలితోనే పోయారట. నాకు నవ్వొచ్చింది, మేడం చూసింది. తర్వాత పొగాకు వేశారు, అప్పుడు కాళ్ళు నిలదొక్కుకున్నారు.

పరీక్షలో తప్పకుండా వస్తుందట. బట్టీ పట్టాలి.

11 జనవరి

మా అబ్బా బొగ్గుగనిలో ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి స్నానం చేసి, ఆ పొగాకు పాఠం చదవమన్నాడు. అబ్బాకు చదువు రాదు, వినడం మాత్రం ఇష్టం. చదివాను. పొగాకు మూడు నాలుగేళ్ళలో భూమి సారం పీల్చేస్తుంది. అందుకని ఎప్పుడూ కొత్త భూమి కావాలి. అక్కడ ముందునుంచీ ఉన్నవాళ్ళను వెనక్కి నెట్టారు. కొత్త భూమికి కొత్త మనుషులు కావాలి. ఓడ ఖర్చు పెట్టుకుని ఒక మనిషిని తెచ్చినవాడికి, ఆ తలకు యాభై ఎకరాలు రాసిచ్చారు. వచ్చినవాడు మాత్రం నాలుగేళ్ళో ఏడేళ్ళో గొడ్డు చాకిరీ చేస్తానని కాగితం రాసివ్వాలి.

అబ్బా ఒకటే అడిగాడు. మరి వచ్చినోడు భయపడి పారిపోతే వాని పని ఎవలు చేసిండ్రు బిడ్డా అని. పుస్తకంలో లేదన్నాను. నాకెరికే అని నవ్వాడు, నవ్వు దగ్గులోకి దిగింది.

ఎలా తెలుసో ఎప్పుడూ రాయలేదు, ఇవాళ రాస్తున్నాను. 1961లో కమాన్‌పూర్ రాజం కాకకు గనిలో పని దొరికింది. ఒక్క షిఫ్టు దిగాడు. పైకప్పు చప్పుడుకు హడలిపోయి మర్నాడు దిగనన్నాడు. అతని నంబరు మీద మా అబ్బా దిగాడు. అప్పట్లో గని కాగితాల మీద ఫోటోలు ఉండేవి కావు. ఆ రోజునుంచి కంపెనీలో కుతుబుద్దీన్ లేడు, రాజం ఉన్నాడు. గనిలో అందరికీ రాజన్నే. దవాఖాన పుస్తకంలో మా అస్గర్ భాయ్ పేరు అశోక్. లతీఫున్నీసా అనే నేను లత. అలా పిలిస్తే లేచి వెళ్తాను. మా క్వార్టర్ల లైన్‌లో ఇలాంటి ఇళ్ళు ఇంకో రెండున్నాయి, ఎవరూ వింతగా చూడరు.

22 జనవరి, ఆదివారం

మేడం పుస్తకంలో లేని సంగతి చెప్పింది. ఆ యాభై ఎకరాల కోసం ఒకే మనిషి పేరు రెండు మూడుసార్లు రాసి భూమి తీసుకునేవారట. దారిలో చచ్చిపోయినవాళ్ళ పేర్లు కూడా. ఆ పేరుగలవాడికి మాత్రం గజం నేల రాదు. ఎవరో ఇది పరీక్షలో వస్తుందా అని అడిగారు. రాదంది. అందరూ పెన్నులు కింద పెట్టారు.

3 ఫిబ్రవరి

మెడికల్ బోర్డు అబ్బాను అన్‌ఫిట్ చేసింది. ఊపిరితిత్తులు బాగాలేవు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, ఇంట్లో అందరం సంతోషించాం. అన్‌ఫిట్ అయినవాడి ఉద్యోగం కొడుక్కిస్తారు, అబ్బాది ఇక భాయ్‌కి వస్తుంది. భాయ్ నాలుగేళ్ళుగా లారీల కింద పడుకుని నట్లు బిగిస్తున్నాడు. క్వార్టర్ నిలుస్తుంది. నా బీఎడ్ ఫీజు తనే కడతానన్నాడు. దరఖాస్తు నేనే నింపాను. అశోక్, తండ్రి రాజం. నా చేతిరాత ఇంత బాగుంటుందని నాకే తెలీదు.

17 ఫిబ్రవరి, శుక్రవారం, మధ్యాహ్నం 2

రాజం కాక వచ్చాడు. అబ్బా నమాజుకు వెళ్ళాడు, అమ్మీ పక్కింట్లో ఉంది. కాక గడప మీద కూర్చుని, సంచి నిండా తెచ్చిన కందికాయలు పక్కన పెట్టాడు. కొత్తగా తవ్వే ఓపెన్‌కాస్ట్ గని కింద తన నాలుగెకరాలూ పోతున్నాయట. భూమి పోయిన ఇంటికి ఒక ఉద్యోగం ఇస్తారు. కొడుకు ఎల్లేశం పేరు పెడితే ఆఫీసులో కాగితం వాపసు ఇచ్చారు. రాజం ఇప్పటికే కంపెనీల పని చేస్తుండు గదా, నీ ఇంటికి ఇంకో నౌకరీ ఎట్లిస్తం అన్నారట. ఒక్క దినం చేసిన బిడ్డా, గా ఒక్క దినమే నా మెడకు పడ్డది, కుతుబన్న వచ్చి ఒక్క మాట చెప్తే చాలు అన్నాడు.

మసీదు బయట మా అబ్బాను అసలు పేరుతో పిలిచేది ఆయనొక్కడే.

అబ్బా ఊళ్ళో లేడన్నాను. మసీదు రెండు లైన్ల అవతలే. ఆయన సరే బిడ్డా అని లేచి, సంచి వదిలేసి వెళ్ళాడు.

18 ఫిబ్రవరి

కందికాయలు ఉడకబెట్టాం. అంగట్లో కొన్నానని చెప్పాను. లేతగా ఉన్నయ్ అన్నాడు అబ్బా.

5 మార్చి, ఆదివారం

కరోలినా పాఠం. అక్కడ వరి. ఇంగ్లీషు వాళ్ళకు వరి సంగతి తెలియదు. ఓడల్లో బంధించి తెచ్చిన ఆఫ్రికా వాళ్ళలో ఎందరికో తెలుసు. వాళ్ళ చేత మడులు కట్టించి, తమ నోరు తిరిగే పేర్లు వాళ్ళకు పెట్టారు. ఆ పేర్లే లెక్కల్లోకి ఎక్కాయి. నేను నోట్సు రాయడం ఆపేశాను. మేము అంత కష్టం పడినవాళ్ళం కాము, ఆ మాట నాకు తెలుసు. అయినా మళ్ళీ పెన్ను పట్టలేదు.

ఇంటికి వచ్చి, రాజం కాక వచ్చి వెళ్ళిన సంగతి అబ్బాకు చెప్పేశాను. ఎన్ని దినాలైంది అన్నాడు. పదహారు అన్నాను. తిట్టలేదు, తిడితే బాగుండేది.

అప్పుడు కూడా నేనే వాదించాను. చెబితే భాయ్ ఉద్యోగం ఆగుతుంది, ఎంక్వయిరీ వేస్తారు, క్వార్టర్ పోతుంది, రాజం కాక ఇంకేదో దారి చూసుకుంటాడు అని. అబ్బా మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, వాడు పేరిచ్చిండు, నేను పానం పెట్టిన, ఇద్దరం బతికినం, ఇప్పుడు వాని భూమి పోతుంటె వాని పేరు నేను పట్టుకొని కూసుంటనా అని.

అమ్మీ ఏడ్చింది. భాయ్ నా వైపు ఒక్కసారి చూసి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

7 మార్చి

వాంగ్మూలం నేనే రాశాను, దరఖాస్తు నింపిన పెన్నుతోనే. అబ్బా, రాజం కాక కలిసి ఆఫీసుకు వెళ్ళారు. నేనూ వెళ్ళాను. గుమాస్తా సంతకం పెట్టమన్నాడు. అబ్బా పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన రాయగలిగింది ఒక్కటే మాట, రాజం. కుతుబుద్దీన్ అని రాయడం రాదు.

వేలిముద్ర వేశాడు.

11 జూన్, ఆదివారం

పరీక్ష. ప్లాంటేషన్ వలస రాజ్యాలు ఎదగడానికి కారణాలు రాయండి. వచ్చింది. భూమి, పొగాకు, కంపెనీ, ఓడలు, చాకిరీ, బానిసలు. ఆరు రాశాను. ఏడోది పేర్ల గురించి, పేజీన్నర. దాంతో చివరి ప్రశ్నకు టైం లేకపోయింది.

24 జూన్

కంపెనీ కాగితం వచ్చింది. ఎల్లేశం ఫైలు కదిలింది. భాయ్ ఫైలు ఎంక్వయిరీ అయ్యేదాకా ఆపారు. ఎంతకాలమో రాయలేదు. క్వార్టర్ ఖాళీ చేయాలి. భాయ్ మళ్ళీ లారీల కిందికి వెళ్ళాడు. అబ్బాతో మాట్లాడుతున్నాడు. నాతోనే లేదు.

కాగితం పైన టైపు చేసి ఉంది: రాజం అలియాస్ కుతుబుద్దీన్. అబ్బా నాలుగుసార్లు చదివించుకున్నాడు. నాలుగోసారి, ఎన్కటి పేరొక్కటే చదువు బిడ్డా అన్నాడు.

2 జూలై

సామాను కట్టేశాం. నా పాత పలక ఒక్కటే బయట ఉంది. అబ్బా పొద్దున్నుంచీ దాన్ని వదలడం లేదు. బలపంతో తన పేరు రాస్తూ, కుతుబు దాకా వచ్చాడు.