గురువారం నేను ఇంట్లోనే ఉండను

ల్యాబు అమ్మాయికి,

శాంపిళ్ల డబ్బా అడుగున ఈ కాగితం పెడుతున్నా, చూసుకో. నేను బుడంకాయ తాతని. అదే, మీ దగ్గర థెరపీ తీసుకుంటున్న నాలుగేళ్ల పిల్లాడు. ఆటిజం, మాటలింకా రాలేదు. థెరపీ వాడికి పనిచేస్తోందో లేదో ఉమ్ములో తెలుస్తుందని మీ డాక్టరుగారు చెప్తే నాకు నవ్వాగలేదు. చిన్నప్పుడు గోడ మీద ఉమ్మానని నన్ను బళ్లోంచి తరిమేశారు. మీరేమో డబ్బా పంపి మరీ అడుగుతున్నారు!

రోజూ సాయంత్రం మా కోడలు దూదిపుల్ల వాడి బుగ్గలో పెట్టి, గొట్టంలో వేసి, ఫ్రిజ్‌లో దాస్తోంది. పొయ్యి మీద పాలు మర్చిపోతుంది గానీ ఇది మర్చిపోదు.

ఒక్క సంగతి అడుగుతా. వాడు నా కుర్చీ పక్కనే కూచుని బొమ్మ లారీ చక్రం తిప్పుకుంటాడు. నావైపు చూడడు. కుర్చీలో నేనున్నా తలగడ ఉన్నా వాడికొకటే. వాడికి నేనంటూ ఒకణ్ణి ఉన్నానని తెలుసా? అది మీ ఉమ్ములో కనబడుతుందా?

ఇట్లు,
తలగడ తాత

తా.క.: ఒక గొట్టానికి పంటిగాట్లుంటాయి. వాడివే. నాకు పళ్లు లేవు.

---

తలగడ తాతగారికి నమస్కారాలు,

మీరడిగిన పరీక్ష మా దగ్గర లేదండీ. మనిషి కంగారు పడితే ఒంట్లో కార్టిసాల్ అనేది పెరుగుతుంది. అది ఉమ్ములోకీ వస్తుంది. మేం చూసేది అంతవరకే. బాబుకి మిగతా రోజులన్నీ బాగానే ఉంది, గురువారాలే పెరుగుతోంది. గురువారం థెరపీ చేయించే టీచరు మీ ఇంటికి వస్తారు కదా. బాబుకి థెరపీ బరువవుతోందేమో, ఆపేద్దామా అంటున్నారు డాక్టరుగారు. ఆ రోజు ఇంట్లో ఇంకేమైనా జరుగుతోందేమో కనుక్కుని రాయండి.

ఉంటాను,
ల్యాబు అమ్మాయి

తా.క.: గాట్లున్న గొట్టం కారలేదు. బాబు పళ్లకి మా అభినందనలు.

---

ఓసి నా తల్లీ,

థెరపీ ఆపుతారా? ఆ టీచరమ్మ వచ్చాకే కదా వాడు నీళ్లు కావాలంటే గ్లాసు చూపించడం నేర్చుకుంది! అంతకుముందు ఎందుకేడుస్తున్నాడో తెలియక ఇల్లంతా ఏడ్చేవాళ్లం. ఆవిణ్ణి మాన్పిస్తే ఊరుకోను.

అందుకే దర్యాప్తు మొదలెట్టా. మొదటి అనుమానం మిక్సీ మీద. గురువారం దాని నోరు మూయించా. మిక్సీ నోరే, కోడలి నోరు నా వల్ల కాదు. తర్వాత మా అబ్బాయి. వాడు తుమ్మితే పక్కింటివాళ్లు తలుపు తీసి చూస్తారు. ఇకనించి మేడెక్కి తుమ్మమన్నా. టీచరమ్మ చెప్పులు కిర్రుమంటాయని వాటికి నూనె రాశా. ఆవిడ జర్రున జారి సోఫాలో పడింది. అయినా పల్లెత్తు మాటనలేదు, దొడ్డ మనిషి.

నన్ను మాత్రం అనుమానించకు. గురువారం అన్నం తిని బయల్దేరితే చీకటి పడేదాకా నేను ఇంట్లోనే ఉండను.

ఇట్లు,
ఏ పాపం ఎరగని తాత

తా.క.: ఈసారి మీ మిషను కిక్కురుమనదు చూడు.

---

తాతగారూ,

ఈసారి ఇంకా పెరిగింది. ఆ మిక్సీని వదిలెయ్యండి పాపం. టీచరుగారు ఫోన్ చేసి, "కొత్త చెప్పులు కొనుక్కుంటాను, తాతగారిని మాత్రం వాటిని ముట్టుకోవద్దనండి" అన్నారు. వచ్చే గురువారం అన్నీ మామూలుగానే ఉండనివ్వండి. ఒక్కటే మార్చండి. మీరు ఇంట్లో ఉండండి.

ల్యాబు అమ్మాయి

తా.క.: ఇంతకీ ఎక్కడికండీ వెళ్లేది?

---

పోలీసు అమ్మగారికి,

దర్జీ కొట్టుకి. పేకాటకి. కావాలంటే దర్జీని అడుగు, వాడి గుడ్డల మీదే కూచుంటాం. దొంగని పట్టమంటే నన్నే పట్టుకున్నావా!

సరే, నువ్వన్నావని మొన్న గురువారం ఉన్నా. ఉండి ఏం ఒరిగింది? టీచరమ్మ చెప్పినట్టు రింగులు గుచ్చాడు, లారీ చక్రం తిప్పాడు, నా కాళ్ల దగ్గరే నిద్రపోయాడు. నావైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. శాంపిల్ పంపిస్తున్నా. నా పేకాట నాకిప్పించు.

ఇట్లు,
ముక్కలు లేని తాత

తా.క.: కోడలు ఇప్పుడు చెప్తోంది, నేను బయటికెళ్తే వాడు లారీని నా కుర్చీ చుట్టూనే తిప్పుతుంటాడట, పిలిచినా రాడట. కుర్చీ మంచిదిలే. టేకు.

---

తాతగారికి,

తగ్గిందండీ! మిగతా రోజుల్లాగే ఉంది. ఒక్క వారంతో తేల్చెయ్యకూడదు, ఇంకొన్నాళ్లు చూద్దాం అన్నారు డాక్టరుగారు. టీచరుని మాత్రం మాన్పించడం లేదు.

ఇక నా మాట. బాబుకి బరువైంది థెరపీ కాదనిపిస్తోంది. ఖాళీ కుర్చీ. మీకూ తలగడకీ తేడా బాబుకి బాగానే తెలుసు.

ల్యాబు అమ్మాయి

తా.క.: ఆ పరీక్ష మా దగ్గర లేదన్నాను కదా. ఉన్నట్టే ఉంది.

---

అమ్మా,

పేకాట మా ఇంటికి మార్పించా. బుడంకాయ మా ముక్కలన్నీ లారీలో పోసుకెళ్లి, ఎర్రవి ఒక వరస, నల్లవి ఒక వరస పేర్చాడు. దర్జీ లబోదిబోమన్నాడు, గెలిచే చెయ్యి పోయిందని. ఓడిపోతోంది నేను కాబట్టి మనవణ్ణి తెగ మెచ్చుకున్నా.

నావైపు ఇంకా చూడలేదు. తొందరేముంది? నేనెక్కడికీ పోను, కుర్చీలోనే ఉంటా.

ఇట్లు,
తలగడ కాని తాత

తా.క.: డబ్బాలో ఒక గొట్టం ఎక్కువుంటుంది. నీ ఉత్తరం చదువుతుంటే పక్కనున్న దూదిపుల్ల తడిసింది. అది ఉమ్ము కాదు. పరీక్షలేం చెయ్యకు, పారెయ్. కోడలికి చెప్పావో, నీ చెప్పులకీ నూనె రాస్తా.