మోత వినగానే నీలం

శుక్రవారం, 2009, భివండి

ముంబై ఆర్ట్ కాలేజీలో చదివే ఒక అక్క ఈరోజు మా ఇంటికొచ్చి నా తలకు తీగల టోపీ పెట్టింది. నా మెదడు నెమ్మదిస్తే కంప్యూటర్ నీలం గీస్తుంది, కలతపడితే ఎరుపు. దానికి తనే నేర్పిందట.

"మన ఊరును తల్సుకో బిడ్డా," అన్నాడు బాపు. బాపు వాళ్లు బతుకుదెరువుకు వదిలొచ్చిన ఊరు, నేను రెండేసార్లు చూసింది. తెరంతా ఎరుపు. బాపు ముఖం చూడలేకపోయాను.

తర్వాత అక్క తను రికార్డు చేసిన పవర్‌లూమ్ సాంచాల మోత వినిపించింది. తెర నీలమైపోయింది.

అమ్మ నవ్వింది. "పసిగున్నప్పుడు మోత ఆగితెనే లేచి ఏడ్సేటోడు. నూలు కండెలు సుట్టుకుంటనే ఉయ్యాల ఊపేదాన్ని."

నాకంటూ ఊరే లేదని ఇన్నాళ్లూ నా మనసు ఒక్కచోట నిలవలేదు. ఆ ఊరును అమ్మ ఈ మోతలోనే ఎప్పుడో ఇచ్చేసింది.

బాపుకు నొచ్చిందేమో... కానీ అక్క ప్రింటు తీసిచ్చిన ఆ నీలం బొమ్మను నా పడక దగ్గర గోడకు అంటించింది ఆయనే.

"ఇయ్యాల శుక్రారం, సాంచాలు బంద్. గిది సూస్కుంట పండుకో."