రెండో చెరువు

పెదనాన్న గారికి నమస్కారాలు.

ఆఫీసులో మిమ్మల్ని సార్ అనాలి, సార్‌కి ఎదురు చెప్పకూడదు. అందుకే ఇంటికి రాస్తున్నాను.

పార్కు డ్రాయింగును స్కాన్ చేసి, అందులో గుండ్రంగా ఉన్న చెరువు వైశాల్యం కొలవమన్నారు కదా. సాఫ్ట్‌వేర్‌లో దాని అంచు చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ నేనే కొలిచాను. పక్కకు సాగిన తోకను చూసి, "అది వాగురా, దాన్నీ కలుపు" అన్నారు. కలిపాను. లెక్క దశాంశాలతో సహా వచ్చిందని మురిసిపోయి సంతకం చేశారు.

నిన్న వెళ్ళి చూస్తే అక్కడ చెరువు లేదు, పార్కు వాచ్‌మన్ ఇల్లుంది. "మా కుళాయిలోనే నీళ్ళు రావు బాబూ, చెరువెక్కడ్నుంచి వచ్చింది?" అని అతని భార్య అడిగింది. తిరిగొచ్చి అసలు కాగితం తీసి, దాని మీద మీ టీ గ్లాసు పెట్టి చూశాను. అంచుకు అంచు సరిపోయింది. వాగేమో మీరు ఒలకబోసింది.

చెప్పబోతే, "సంతకమయ్యాక కాగితం తప్పు కాదురా, నేలే తప్పు. సోమవారం తవ్వించు" అని కసిరారు. పాపం, వాచ్‌మన్ వాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు.

ఒక్క సంగతి. మీరు కట్టుకుంటున్న కొత్త ఇల్లు కూడా ఆ డ్రాయింగులోనే, కుడివైపు మూలన ఉంది. ఇవాళ మీరు గ్లాసు సరిగ్గా అక్కడే పెట్టారు. నేను మళ్ళీ స్కాన్ చేసేశాను.

రెండో చెరువు కూడా కొలవమంటారా?

మీ మాట జవదాటని,
మీ తమ్ముడి కొడుకు