ఆఖరి సూది

అమ్మాయి వాళ్ళమ్మకు,

ఇక్కడ నేనూ, నాలుగు కుట్టుమిషన్లూ క్షేమం. అక్కడ నువ్వూ, పిల్లలూ, మూడు నెలలకే ఇంటిని ఏలుతున్న ఆ చిన్న దొరసానీ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అంది వారమైంది. జవాబు రాద్దామని కూర్చోవడం, ఏదో ఒక ప్యాంటు అంచు విప్పుతూ కాలక్షేపం చేయడం, ఇదే వరస.

ముందు నీ ప్రశ్నలు. పాప కుయ్యిమంటే చాలు అమ్మాయి పక్కగదిలోంచి పరుగెత్తుకొస్తోందనీ, అల్లుడు మాత్రం పక్కనే పడుకుని గుర్రుపెడుతున్నాడనీ రాశావు. మొన్న ఆస్పత్రిలో మా డాక్టరమ్మను అడిగాను. కాన్పుతో వచ్చే హార్మోన్లు తల్లి మెదడును బిడ్డ ఏడుపుకు శ్రుతి చేస్తాయట.

"మరి తండ్రులకు ఆ భాగ్యం లేదా?" అన్నాను.

"ఎందుకు లేదండీ? ఎత్తుకోమనండి, స్నానం చేయించమనండి. చేసేకొద్దీ వాళ్ళ ఒంట్లోనూ హార్మోన్లు మారతాయి, మెదడూ దారికొస్తుంది," అంది.

కాబట్టి అల్లుణ్ణి తిట్టకు. పాపను చేతిలో పెట్టి నువ్వు వంటింట్లోకి తప్పుకో.

నెలసరి ఆగాక పట్టుకున్న వేడి ఆవిర్లు ఇంకా తగ్గలేదన్నావు. ఆ బాధ నాకిప్పుడు తెలుసు. నీకవి మొదలైన కొత్తలో, నాకు చలేస్తోందని ఫ్యాను కట్టేసేవాణ్ణి. తర్వాత ప్రొస్టేటు జబ్బుకు సూదులిచ్చి నా ఒంట్లో మగ హార్మోనును అణిచేశాక, అవే ఆవిర్లు నన్నూ పట్టుకున్నాయి. నువ్వు ఒక్క మాట దెప్పలేదు. నీ చెమట నువ్వు తుడుచుకుంటూనే టేబుల్ ఫ్యాను నావైపు తిప్పావు.

"సూదుల పుణ్యాన ఇంకా ఊరికే కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నారా?" అని సరదాగా అడిగావు. అసలు ప్రశ్న వేరని నాకు తెలుసు. వచ్చే నెల వస్తానని మూడు నెలలుగా రాస్తున్నావు. నిన్ను తప్పుపట్టను. ఏ మనిషి దగ్గరికి రావాలో నీకు తెలియాలి కదా.

ఆఖరి సూది నువ్వు ఊరెళ్ళకముందే అయిపోయింది. జబ్బు లొంగింది, ఇక అక్కర్లేదన్నారు. నీకు చెప్పలేదు. ఆ సూదుల కాలంలో నువ్వు నా పక్కన కూర్చుని, నవ్వుతూ, అడ్డూ ఆపూ లేకుండా కబుర్లు చెప్పావు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నీ గొంతు అంతసేపు వినడం నాకదే మొదలు. నాలోని ఆ మెత్తటి మనిషికి గడువు తీరిపోతోందని చెప్పడానికి నోరు రాలేదు.

మొన్నటి రక్తపరీక్షలో హార్మోను మళ్ళీ పాత లెక్కకే వచ్చింది. మెదడులో బాదంగింజంత చోటొకటి ఉందట, భయం, కోపం అక్కడ రాజుకుంటాయట. నుదుటి వెనక భాగం దానికి కళ్ళెం. ఈ హార్మోను పెరిగితే కొందరిలో ఆ కళ్ళెం వదులవుతుందట.

"అయితే నా కోపమంతా దానివల్లేనా?" అన్నాను ఆశగా.

"కొంత కావచ్చు. నేరమంతా దానిమీదికి నెట్టకండి. అదే హార్మోనుతో ఊళ్ళో ఎంతమంది నిమ్మళంగా బతకడం లేదు?" అంది డాక్టరమ్మ. చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

ఆ మర్నాడే కొట్లో పరీక్ష ఎదురైంది. మన కాజాలావిడ ఒక పెళ్ళికొడుకు కోటుకు ఎడమవైపు వేయాల్సిన కాజాలు కుడివైపు వేసింది. కోసిన కాజాను ఇక పూడ్చలేం కదా.

"కళ్ళెక్కడ పెట్టుకున్నావ్!" అని అరిచాను. చెయ్యి కత్తెర మీదికి వెళ్ళింది. ఆవిడ ఇస్త్రీ బల్ల వెనక్కి ఒక అడుగు వేసింది. ఆ అడుగు నాకు తెలుసు. నువ్వు వేసేదానివి, అమ్మాయి కూడా వేసేది. నాకు సిగ్గేసింది. కత్తెర బల్లమీదే వదిలేసి బయటికి పోయి, నీళ్ళు తాగి వచ్చాను.

"అరిచాను, తప్పు నాది. ముందు భాగం కొత్తగా కోస్తాను, నువ్వు కూర్చో," అన్నాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఒంట్లో బాగైందన్నమాట మాస్టారూ, మళ్ళీ అరుస్తున్నారు," అంది. మిషన్లమీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల భయమేసింది.

ఇక అరవనని రాయలేను. రాసినా నువ్వు నమ్మవు. రావాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో, ఇంకో నెలంటే నెల, ఏడాదంటే ఏడాది.

నాకిప్పుడు ఆవిర్లు రావడం లేదు. మునుపటిలాగే చలేస్తోంది, దుప్పటి ముసుగుపెట్టి పడుకుంటున్నాను. ఫ్యాను మాత్రం ఆపకుండా నువ్వు పడుకునే వైపు తిప్పి ఉంచుతున్నాను, నాకు అలవాటు కావాలని.

ఇట్లు,
మీ ఆయన