వాచ్‌మన్ తెరిచిన గేటు

అన్నా,

మన పొలంలో యూనివర్సిటీ కట్టారన్న కోపంతో గొడ్డలి పట్టుకొచ్చి, వాచ్‌మన్ ఒడోచ్ తల పగలగొట్టి అడవిలోకి పారిపోయావు. అతను ఆ యూనివర్సిటీలో నేను వండే వంటగది గుమ్మంలోనే ప్రాణం వదిలాడు. ఆ నెత్తురు నేనే కడిగాను.

చంపినవాడి ఇంటివాళ్లు వండిన కూడు చచ్చినవాడి వంశంవాళ్లు ముట్టరు కదా, మన అచోలీ తెగలో. ఇక్కడి పిల్లల్లో సగం మంది ఒడోచ్ వంశంవాళ్లే, పస్తులతోనే క్లాసులకు పోతున్నారు. నిన్న ఒడోచ్ తల్లి వచ్చి నా సంకటి కుండ నేలకేసి కొట్టింది. "మీ అన్నకి రాయవే! మగాడైతే వచ్చి తప్పు ఒప్పుకుని, పగ తీరేలా ఆచారం ప్రకారం నాతో కలిసి చేదువేరు రసం తాగమను. అందాకా నీ వంట మాకు విషమే" అంది.

రా అన్నా. ఆ పొద్దున నువ్వొస్తున్నావని తెలిసి అందరూ గేటు మూయమన్నారు. ఒడోచ్ వినలేదు. "అక్కా, మీ అన్న ఆకలితో వస్తాడు, రెండు ముద్దలు ఎక్కువ వండు" అని తనే తెరిచాడు.

నీ చెల్లెలు