ఊరికి ఒకటే వంతు

తమ్ముడూ వెండెల్,

కాలు విరిగినా నీ నోటికి ఏమీ కాలేదని తెలిసి సంతోషించాను. టోర్నడో సుడిగాలి వస్తోందని ఊళ్లో సైరన్ మోగనేలేదని ఆసుపత్రిలో నర్సులందరికీ చెబుతున్నావట. మోగింది నాయనా. ఓక్లహోమాలో పుట్టిన మగాళ్లకు సైరన్ మోగిందంటే వరండాలో కుర్చీ వేసుకోమని పిలుపు కదా, నువ్వూ వేసుకున్నావు.

నేనూ, నీ భార్య లోర్నా మీ నేలమాళిగలో రేడియో పెట్టుకుని కూర్చున్నాం. మొదటి టోర్నడో ఊరి పక్కనుంచి పోగానే తలుపెత్తి అరిచావు.

"అక్కా, పోయింది! పైకి రండి, చూద్దురు గాని!"

"ఒరేయ్, ఇవాళ గుంపుగా పుడుతున్నాయట. ఒకే మబ్బుల వరసలోంచి ఒకదాని వెనక ఒకటి వస్తాయట. చెప్పేదాకా బయటికి రావద్దంటున్నాడు రేడియోలో."

"ఊరికి ఒకటే వంతు అక్కా. మనది అయిపోయింది."

ఎవరి ఇంటి కప్పు లేచిందో చూసొస్తానని ట్రక్కెక్కావు. రెండోదానికి నీ వంతుల లెక్క తెలియదు పాపం. ట్రక్కుతో సహా నిన్ను చర్చి గోడకేసి కొట్టింది.

ఈ సంగతి లోర్నా నీకు చెప్పదు. నువ్వు పిలిచావని, నీ ట్రక్కు కదలగానే తను మెట్లెక్కింది. నేను వెనక్కి లాగితే చొక్కా చెయ్యి చిరిగి నా చేతికొచ్చింది. మెట్టు మీద కూలబడి నన్ను తిట్టింది. ఆ తిట్లు పూర్తికాకముందే మీ వరండా లేచిపోయింది.

ఆ గుడ్డముక్క ఈ కవర్లో పెట్టాను. ఈసారి "పోయింది, పైకి రండి" అనబోయే ముందు దాన్ని నోట్లో కుక్కుకో.

మీ అక్క